నాచారం చెరువులో మార్పులు

సుశీల మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉప్పల్ మార్కెట్లో చేపల వరస ముందు నిలబడి బేరమాడుతున్నాను. మృగశిర కార్తె రోజు. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా ఏదో లోటైనట్టు బాధపడే ఊరు మాది. సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా జనం, పొలుసు గీకే చప్పుడు, కాళ్ల కింద బురద. అవతలి గొంతు చిన్నదే, మర్యాదగా ఉంది. "లలిత గారేనా అండి? నేను సుశీల గారి అమ్మాయిని, కైకలూరు నుంచి. అమ్మ మొన్న పోయారండి. అమ్మ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ చెబుతున్నాను. మీది 'నాచారం లలిత' అని ఉంది" అంది. నేను ఏమన్నానో గుర్తులేదు. ఆ నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చి పదేళ్లు దాటింది. నేను కూడా చేయలేదు. చేపలతను "అక్కా, కొట్టాల్నా వద్దా జర జెల్ది చెప్పు" అని విసుక్కుంటే ఒక బొచ్చె కొట్టించుకున్నాను. డబ్బులిచ్చాక, ఎందుకో నోరు ఊరుకోక, "మార్పులు గిట్ల వస్తున్నయా?" అని అడిగాను. అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "మార్పులు యాడున్నయక్కా ఇప్పుడు? క్యాట్ ఫిష్ గావాల్నంటే చెప్పు, సప్పుడు జేయకుండ తెప్పిస్త" అన్నాడు గొంతు తగ్గించి. దాని పెంపకం మీద నిషేధం ఉంది కదా, అందుకని.

మార్పు అనేది ఒక చేప పేరని ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. పొలుసు ఉండదు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, మూతి చుట్టూ మీసాలు, రెక్క దగ్గర ఒక ముల్లు. ఆ ముల్లు గుచ్చుకుంటే చెయ్యి పొద్దు గూకేదాకా సలుపుతుంది. నీళ్లు ఇంకిపోయినా బురదలో తల దాచుకుని గాలి పీల్చుకుంటూ బతుకుతుంది. తొలకరి పడిందంటే చెరువులోంచి గట్టెక్కి తడి నేల మీద పాకుతూ పక్క మడుగులోకి పోతుంది. నా చిన్నతనంలో నాచారం చెరువు పక్క మట్టిరోడ్డు మీద అట్లా పాకుతున్న మార్పుల్ని మా నాయినమ్మ కొంగులో ఏరుకొచ్చేది. మా ఇంట్లో పురుడు పోసుకున్న ప్రతి ఆడమనిషికీ మార్పుల పులుసే పథ్యం. వెల్లుల్లి, మిరియాలు ధారాళంగా, చింతపండు పేరుకు మాత్రం. నేను పుట్టినప్పుడు మా అమ్మా అదే తిన్నది. "నీ ఒంట్ల ఉన్న నెత్తురంత మార్పులదే పోరీ, గందుకే నీకు గీ మొండితనం" అనేది నాయినమ్మ. ఆ పులుసుకు చెరువు అడుగు బురద వాసన ఉండేది. ఎంత వెల్లుల్లి దంచి పోసినా అది పోయేది కాదు. ఇంట్లో పరుపుకీ, నా పుస్తకాల సంచికీ కూడా అదే వాసన. బళ్లో పక్కపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నేను మాత్రం ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా దొరికితే బాగుండునని చూస్తుంటాను.

మా నాయిన మల్లేశం చెరువు మీద బతికిన ఇంట్లో పుట్టినా, పెళ్లినాటికి నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను ఇంటర్‌లో చేరిన ఏడు ఆ ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. కొన్నాళ్లు రోజూ డ్యూటీ టైముకే లేచి, స్నానం చేసి, టిఫిన్ డబ్బా లేకుండా గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు అటకమీంచి తాత వల దించి, చిరుగులు చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మ యాదమ్మ ఎప్పటిలాగే తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని ఉప్పల్ మార్కెట్‌కు పోయేది. అప్పటికే ఆమె గంపలో చెరువు చేప తక్కువ, లారీల మీద ఐసులో వచ్చిన చేప ఎక్కువ. మా చెరువుకు అప్పటికి ఇళ్ల మురుగు వచ్చి కలుస్తోంది. కొన్ని తెల్లవారుజాముల్లో గాలి ఘాటెక్కి, కట్ట మీద నడిచేవాళ్లు గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్లు. బొచ్చెలూ జెల్లలూ ఎట్లానో ఉండేవి. మార్పులు మాత్రం కనిపించడం మానేశాయి. నాయిన చేపను కళ్లతో చూసే మనిషి కాదు, వేళ్లతో చూసేవాడు. వలలోంచి మార్పును తీసేటప్పుడు ముల్లు తగలకుండా తల వెనక, ఎముక ముగిసే చోట బొటనవేలు ఆనించి పట్టుకునేవాడు. అక్కడ మా మార్పుకు ఎముక ఒకే ఒక మొనలా ఉంటుంది. చీకట్లో కూడా అది తగిలితే చాలు, ఏ చేపో చెప్పేవాడు.

ఆ ఎండాకాలం చెరువు బాగా వెనక్కి పోయినప్పుడు, కట్ట కింది పాత మోటబావి అడుగు బురదలో నాయినకు నాలుగు మార్పులు దొరికాయి. మూడు ఆడవి, ఒకటి మగది. అమ్మితే ఎవరైనా కళ్లకద్దుకుని కొనేవాళ్లు. ఆయన వాటిని ఇంటికి తెచ్చి పెరట్లో పశువుల కోసం ఎప్పుడో కట్టిన గోలెంలో నీళ్లు నింపి వదిలాడు, పైన గోనెపట్టా కప్పాడు.  రోజూ సాయంత్రం వాటి ముందు గొంతుక్కూర్చుని ఉడికిన అన్నం, గొడ్డు పేగు ముక్కలు వేసేవాడు. ఆడవి బెదిరి అడుగుకు పోయేవి. మగది మాత్రం పైకొచ్చి మీసాలతో ఆయన వేళ్లు తడిమేది. "సూడు, దానికి నేనెర్క" అని మమ్మల్ని పిలిచి చూపించేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన నవ్వడం మేం చూసింది అప్పుడే.

మా డాబా మీద ఒక గది, దాని ముందు రేకుల షెడ్డు ఉండేవి. రామంతాపూర్‌లోని ఒక కాలేజీలో జువాలజీ చెప్పే సుశీల మేడమ్ ఆ గదిలో అద్దెకు దిగారు. భర్త లేరు, కూతురు కైకలూరులో అమ్మమ్మ దగ్గర చదువుకునేది. మొదటివారం ఆమె మాట మాకు వింతగా, మా మాట ఆమెకు వింతగా ఉండేది. నాయినమ్మ ఆమెను "ఓ బిడ్డా, బువ్వ తిన్నవా" అంటే ఆమె "తిన్నానండి" అనేవారు. "నాకు అండి ఏందే, నేనేమన్న తాసిల్దారునా" అని నాయినమ్మ రోజంతా నవ్వేది. ఒక ఆదివారం బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చిన మేడమ్, గోనెపట్టా ఎత్తి చూసి అక్కడే కూర్చుండిపోయారు. తడిబట్టలు ఒళ్లోనే ఉన్నాయి. "ఇవి మార్పులు కదండీ మల్లేశం గారూ. మా కొల్లేటి వైపు కూడా ఇవి కనిపించడం లేదు. మావాళ్లది చేపపిల్లల హేచరీయేనండి. నేను అందులోనే పుట్టి పెరిగాను. వీటికి పిల్లల్ని చేద్దామా?" అన్నారు. పిల్లల్ని చేయడం అన్న మాటకు అమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయిన మాత్రం నవ్వలేదు. "చెరువుల మల్ల ఇడ్వచ్చా మేడమ్?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లుగా లేదు. అమ్మ మార్కెట్ నుంచి బొచ్చె తలకాయలు తెచ్చేది. మేడమ్ వాటి పుర్రె చిన్న కత్తితో విప్పి, మెదడు కింద ఆవగింజంత గ్రంథిని పట్టకారుతో తీసి స్పిరిట్ సీసాలో వేసేవారు. దాన్ని నూరి సూదిమందుగా ఇస్తేనే గోలెంలోని ఆడచేప గుడ్లు విడుస్తుందట, వాగులో వరద పారినట్టు దాని ఒంటికి అనిపిస్తుందట. గ్రంథి తీసిన తలకాయలు మాకు పులుసయ్యేవి. నెల పొడుగునా తలకాయల పులుసు తిన్నాం. అయినా ఎవరూ వద్దనలేదు. నాయిన ఫ్యాక్టరీ చేతులతో పాత డ్రమ్ములు కోసి తొట్లు చేశాడు, ప్లాస్టిక్ పైపుకు చిల్లులు పొడిచి నీళ్లు సన్నగా వాన పడ్డట్టు పడే ఏర్పాటు చేశాడు. మోటరు కరెంటు పోతే బిందెతో పోయడానికి అమ్మా, నేనూ వంతులు వేసుకున్నాం. ఒక మనిషికి తిరిగి పని దొరికితే ఇల్లు ఎట్లా ఉంటుందో నేను ఆ వర్షాకాలంలో చూశాను.

అడ్డు ఎక్కడొచ్చిందంటే, మగచేప దగ్గర. మేడమ్ రెండు రోజులు చెప్పలేక చెప్పలేక చివరికి టీ తాగుతూ చెప్పారు. "మగదాన్ని కొయ్యకుండా కుదరదండి. బొచ్చెకైతే పొట్ట నొక్కితే పాలు వస్తాయి, గుడ్ల మీద పిండుకోవచ్చు. మార్పుకి రావు. కడుపు కోసి లోపలి గ్రంథి తీసి నూరి కలపాలి."

"ఒక్కటే ఉన్నది గద మేడమ్" అన్నాడు నాయిన.

"అదొక్కటీ పోతే వేలల్లో పిల్లలొస్తాయి."

"రాకుంటే?"

 నాయినమ్మ గడప మీంచి అందుకుంది. "ఏందిరా, బతుకంత శాపల్ని కోసినోనివి, గిదొక్కటి నీ మేనల్లుడా? కొయ్యి. కోసినంక కూర నేనొండుత." అందరూ నవ్వారు. నాయిన లేచి గోలెం దగ్గరికి పోయాడు. రాత్రి అన్నం దగ్గర కూడా కంచంలో వేళ్లు కదిపాడే గాని తినలేదు. మర్నాడు మేడమే దారి చూపించారు. కైకలూరు దగ్గర వాళ్ల తమ్ముడు చెరువులు చేస్తున్నాడని, అతని పాత గుంటలో నాటు మార్పులు ఇంకా ఉన్నాయని, మగవి నాలుగైదు పంపమంటే పంపుతాడని చెప్పారు. నాయిన ముఖం విప్పారింది. "గట్లయితె మనది మన గోలెంల ఉంటది" అన్నాడు. మేడమ్ తమ్ముడికి ఫోన్ చేసి మార్పులు కావాలని గట్టిగా, తమ ఊరి యాసలో చెప్పడం నేను విన్నాను. ఆ మాటకు అక్కడ అప్పటికే వేరే అర్థం వచ్చిందని మాకెవరికీ తెలియదు. అక్కడి గుంటల్లో పెంచుతున్న ఆఫ్రికా జాతి చేపను కూడా జనం మార్పనే పిలుస్తున్నారు.

మగవి బస్సులో బయలుదేరిన సాయంత్రం ఇక్కడ ఆడవాటికి సూదులు వేశారు. తెల్లవారి ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సు ఆగితే నాయిన ఆటోలో డ్రమ్ము తెచ్చుకున్నాడు. ఆలస్యం చేయడానికి లేదు, మేడమ్‌కు డ్రమ్ములోకి తొంగి చూసే తీరిక కూడా లేదు. గుడ్లు సిద్ధమయ్యాక కడుపులో ఆగవు, గడియ దాటితే పాడైపోతాయి. పెరట్లో ఒక మూల, మాకు వీపు పెట్టి, నాయిన మగచేపలు కోశాడు. మేడమ్ ఈ మూల తువ్వాలలో చుట్టిన ఆడచేప పొట్టను మెల్లగా నొక్కుతుంటే, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు గుడ్లు పొడి స్టీలు పళ్లెంలో జారాయి. నాయిన ఇచ్చిన గ్రంథుల్ని నూరి, గుడ్ల మీద పోసి, కోడి ఈకతో కలిపారు. ఈక నాయినమ్మ ఇచ్చింది, మా పెట్టదే, పసుపునీళ్లతో కడిగి మరీ ఇచ్చింది. "మంత్రసాని పని గిన్నేండ్లకు మల్ల జేస్తున్న" అంది. ఆ రోజు ఇల్లు పురిటిల్లు లాగే ఉంది. మరుసటి రోజు పొద్దు వాలేసరికి తొట్టి అడుగున వెంట్రుక ముక్కల్లాంటివి కదలడం మొదలైంది. అమ్మ చూసి కళ్లు తుడుచుకుంది. నాయిన గోలెం దగ్గరికి పోయి గోనెపట్టా ఎత్తి తన మగచేపకు కబురు చెప్పినట్టు ఏదో అన్నాడు.

పిల్లలు తిండికి వచ్చాక ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో వేసి నీళ్లలో పిండేవాళ్లం. ఇంట్లో మాకు తెల్లసొనలే మిగిలేవి. నా తమ్ముడు అలిగి, తనూ చేపపిల్లనైతే బాగుండేదన్నాడు. ఆ పిల్లలకు వెలుతురు గిట్టదు, తొట్టి మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లగా కుప్పపడేవి. పెద్దవి చిన్నవాటిని తినకుండా రోజూ జల్లెడతో వేరు చేయాలి. మేడమ్ కాలేజీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంగి పని చేసి చేసి నడుం నొప్పి తెచ్చుకున్నారు. నాయినమ్మ ఆవనూనె రాసి, "పరాయి ఊర్ల నీకెందుకే గీ తిప్పలు" అంటే, "మా నాన్న చెప్పేవారండి, చెరువుకి ఇచ్చింది ఊరికి ఇచ్చినట్టేనని" అన్నారు. వేలు పొడవు పిల్లలయ్యాక ఒక పొద్దున బిందెల్లో చెరువుకు తీసుకెళ్లాం. చేపల సొసైటీ పెద్ద సత్తన్న కొబ్బరికాయ కొట్టాడు. మేడమ్‌కు బొట్టు పెట్టి మొదటి బిందె ఆమె చేతే వంపించారు. ఆ క్షణంలో మా నాయిన నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. ఫ్యాక్టరీ గేటు ముందు ఒంగిపోయిన మనిషి ఆ గట్టు మీద నిటారుగా ఉన్నాడు.

ఆ పైఏడు వానలకు చెరువులో మార్పులు పడుతున్నాయని కబురొచ్చింది. కొనడానికి కాప్రా నుంచి కూడా వచ్చారు. ఇంకో ఏడాదికి వలలో మోచేతి పొడవు చేప ఒకటి పడింది. మార్పు అంత సైజు పెరగదు. ఒళ్లంతా మచ్చలు, తల పలకలా వెడల్పు. కట్ట మీద అందరూ గుమిగూడి ఉంటే సత్తన్న దాన్ని నాయిన చేతికిచ్చాడు. నాయిన బొటనవేలు తల వెనక ఆనించి అక్కడే ఆపేశాడు. సత్తన్నే తన వేలు పెట్టి చూసి, "మూడు మొనలున్నయ్ రా మల్లేశం. గిది మనది గాదు. అటు అదీ గాదు, ఇటు ఇదీ గాదు" అన్నాడు. తల్లి మా మార్పు, తండ్రి ఆ ఆఫ్రికా చేప. దాని కడుపు కోస్తే లోపల చిన్న చేపలే చిన్న చేపలు. చందమామలు, పరిగెలు, చెరువులో పేదవాళ్లు ఏరుకుని అమ్ముకునే ఆ పిల్లచేపలన్నీ ఆ రెండేళ్లలో ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. అమ్మ గంపలో అవే ఉండేవి, అవే మా ఇంటి రోజు ఖర్చు. నిజం చెప్పాలంటే మా చెరువును చంపింది ఆ చేపలొక్కటే కాదు. మురుగూ, రాత్రిపూట కాలువలోకి వదిలే రంగు నీళ్లూ అంతకు ముందే సగం పని చేశాయి. కానీ మురుగును ఎవరూ ముఖం మీద తిట్టలేరు కదా. తిట్టడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి మా డాబా మీదే ఉంది.

మేడమ్ చెరువు గట్టుకు వచ్చి ఆ చేపను చూసి తెల్లబోయారు. "నాటువే అని మా తమ్ముడు చెప్పాడండి. నేను అడిగాను. రెండుసార్లు అడిగాను" అన్నారు. సత్తన్న వెంట ఉన్నవాళ్లలో ఒకడు, "ఆంధ్ర మార్పు తెచ్చి మా చెరువుల ఇడిసిన్రు" అన్నాడు. అవి రాష్ట్రం కోసం ఊరూరా కొట్లాట మొదలైన రోజులు. ఆ మాట బజార్లో పడి నలుగురి నోళ్లలో నలిగింది. ఉప్పల్ చౌరస్తాలో టెంట్లు, రోడ్డు మీద వంటలు, మైకుల్లో మార్పు రావాలె మార్పు రావాలె అని అరుపులు. "చెరువులనే లేవు, వీళ్లు యాడికెల్లి తెస్తరు" అని నాయినమ్మ అమాయకంగా అడిగితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. మేం రాష్ట్రం కోరుకున్నవాళ్లమే. నాయిన కూడా రిబ్బను కట్టుకుని ర్యాలీలకు వెళ్లాడు. చేపకు ప్రాంతం అంటగట్టడం మాత్రం నాకు ఒంటికి కారం రాసినట్టుండేది. సొసైటీ మీటింగులో మేడమ్ పేరెత్తి తిడుతుంటే నాయిన తల దించుకుని కూర్చున్నాడని సత్తన్న భార్య వచ్చి చెప్పింది. "ఒక్క మాటన్న మాట్లాడరాదా" అని అమ్మ నిలదీస్తే, ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మేడమ్‌ను ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. ఒక వేసవి సెలవులకు గది ఖాళీ చేశారు. తొట్లు, పైపులు, స్టీలు పళ్లెం మాకే వదిలేశారు. నాయిన ఆమె ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ఆటోలో పెట్టాడు. ఏదో చెప్పబోయి, పెదాలు తడుపుకుని, "పైలంగ పోండ్రి మేడమ్" అన్నాడు. ఆమె చేతులు జోడించారు. గోలెంలోని మగచేప ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బతికింది. ఆడవి ఒక్కొక్కటే ముందే పోయాయి, ఇది ఒంటరిగా మిగిలింది. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు లేక, నీళ్లు కాగి, వెల్లకిలా తేలింది. నాయినమ్మ ఆ రోజు కూర మాట ఎత్తలేదు. నాయిన దాన్ని పాత లుంగీలో చుట్టి చెరువు గట్టున పాతిపెట్టి వచ్చాడు. దాని జాతి పిల్ల ఒక్కటి కూడా మిగలకుండా అది పోయింది. రాష్ట్రం వచ్చిన రాత్రి మా గల్లీ అంతా పటాకులు, మిఠాయిలు. ఆ తర్వాత చెరువుల్లో సర్కారు చేపపిల్లలు లారీల్లో తెచ్చి వదలడం కూడా చూశాను. బొచ్చెలు, రవ్వలు, త్వరగా పెరిగేవి, మంచివే. మార్పు పిల్లల్ని తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఇవాళ ఆ కట్ట మీద వాకింగ్ ట్రాకు వేశారు, దీపాలు పెట్టారు. అక్కడ నడిచే పోచారం ఐటీ పిల్లలకు అది చెరువని తెలుసు, అందులో ఏముండేదో తెలియదు. వాళ్లను అనడానికి నోరు రాదు. మాకు తెలిసి మేం నిలుపుకున్నది మాత్రం ఏముంది?

ఇదంతా షేర్ ఆటోలో ఉప్పల్ నుంచి నాచారం చేరేలోపు నా తలలో తిరిగింది. అదే ఇల్లు. ఇప్పుడు తమ్ముడు, మరదలు, పిల్లలు, వాళ్లతో అమ్మా నాయినా ఉంటారు. పండగ పూట అన్నం ముందు చావు కబురు చెప్పకూడదని ఊరుకున్నాను. అమ్మ బొచ్చె పులుసు పెట్టింది. నాయిన ముళ్లు ఏరుకుంటూ తృప్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని పెరట్లో మంచం మీద ఒరిగాక పక్కన కూర్చుని చెప్పాను. 

"నాకెర్కనే బిడ్డా" అన్నాడు.

"ఏంది నాయినా? ఎవలు చెప్పిన్రు?"

"గది గాదు. గా మగ శాపలు. డ్రమ్ముల చెయ్యి పెట్టంగనే నాకు ఎర్కయింది. తలకాయెన్క మూడు మొనలుండె. మనయి గావని తెల్సు."

 "మల్ల ఎందుకు కోసినవ్?" అన్నాను.

"సూదులిచ్చినం గద. గుడ్లు ఆగవు. గవాట్ని కొయ్యొద్దంటే మనదాన్ని కొయ్యాలె. చెయ్యి రాలే. శాప శాపే గదా, ఏమైతది అనుకున్న. ఆ తలకాయలు మేడమ్‌కు కనవడకుండ గుంతల పారేసిన. గట్టు మీద గంత మంది అంటుంటే, నేనే అని అనొచ్చు. అనలే. మీటింగుల గూడ అనలే. ఆమె తమ్మునితోని ఎన్నేండ్లు మాట్లాడలేదో ఏమో, నా వల్ల."

నేను ఏమని ఓదార్చాలి? నాకు ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ, గోలెం ముందు గొంతుక్కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆయన లేచి కూర్చుని, "ఆ పిల్లకు ఫోన్ గల్పు. వాళ్లమ్మ తప్పేం లేదని చెప్త. గిప్పుడన్న చెప్త" అన్నాడు. కలిపి, ఆయనకు చెవులు సరిగా వినబడవు కనుక స్పీకర్ పెట్టి చేతికిచ్చాను.

"అమ్మా, నేను నాచారం మల్లేశాన్ని. లలితోళ్ల నాయినను" అన్నాడు.

"మల్లేశం గారా అండి" అంది ఆ అమ్మాయి.  "అమ్మ మీ గురించి చెప్పని రోజు లేదండి. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా, నా చేత్తో నేను చేసిన పని ఒక్కటే అనేవారు. నాచారంలో మార్పులు పూర్తిగా పోతే మల్లేశం గారూ నేనూ కలిసి మళ్లీ పుట్టించి చెరువుకిచ్చాం అని. మా బాబుకి అన్నం పెట్టేటప్పుడు కూడా అదే కథ. వాడు ఆ చెరువు చూపించమని గొడవ చేస్తుంటాడు."

నాయిన నా వైపు చూశాడు, నేను కళ్లు దించుకున్నాను.

"ఇప్పటికీ ఉన్నాయా అండి అవి?" అని అడిగింది.

"ఉన్నయమ్మా" అన్నాడు నాయిన. "మస్తుగున్నయ్."

ఫోన్ నా ఒళ్లో పెట్టి లేచాడు. చొక్కా విప్పకుండానే పెరటి నల్లా కింద కూర్చుని, చెంబుతో నెత్తి మీద నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాడు. ఏమైందని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తోడబుట్టినవాళ్లు పోయిన కబురు వింటే మా ఇళ్లలో అట్లాగే పోసుకుంటారు.